తోమిన అద్దం

అద్దంలో తన ముఖం కనిపించాల్సిన చోట విజయకు గోడ కనిపించింది.

నీలం సున్నం, అందులో వంకరగా దిగిన మేకు, మేకుకు వేలాడుతున్న క్యాలెండరు అంచు. భర్త వినోద్ ఫొటో ముందు, చాయ గ్లాసుకూ మిర్చీల పళ్లేనికీ మధ్య ఆ గుండ్రటి అద్దాన్ని గోడకు ఆనించి పెట్టారు. విజయ చేతిలోని కూరగాయల సంచి దించకుండానే వంగి చూసింది. అద్దం అవతల ఉన్నవన్నీ కనిపిస్తున్నాయి.

"అచ్చినవా బిడ్డా? గుమ్మడికాయ దొరికిందా?" పెరట్లోంచి నర్సక్క కేకేసింది. "అయ్యగారు జరసేపట్ల అత్తడట. బియ్యం, కూరగాయలు చాటల సదిరి పెట్టు."

ఆ రోజు పెత్రమాస. పోయినవాళ్ల పేరున బియ్యం ఇచ్చే రోజు. వినోద్ పోయాక వచ్చిన మొదటి పెత్రమాస.

విజయ పెరట్లోకి వెళ్లింది. నర్సక్క బండ మీద కూర్చుని ఇత్తడి చెంబు తోముతోంది. పక్కన నానిన చింతపండు, జల్లెడ పట్టిన బూడిద, కొబ్బరి పీచు. ఆమె వేళ్లు కణుపుల దాకా నల్లగా ఉన్నాయి.

"అద్దం ఎవలు తీసిండ్రత్తమ్మా?"

"నేనే తీసిన. వానికిష్టమైనయి పొటువ కాడ పెట్టాలె గదా. మిర్చీలు తెప్పిచ్చిన, చాయ పెట్టిన. గా అద్దం లేకపోతె వాడత్తడా?" నర్సక్క చెంబు తిప్పి చూసుకుంది. "పెట్టెల ఉండి ఉండి మసకబారింది. తోమితే ఎంత నలుపు దిగిందనుకున్నవ్! ఇత్తడి తాంబాళానికి గూడ గంత దిగలే. దిగినకొద్ది తోమిన. ఇప్పుడు సూడు, నీళ్ల లెక్కుంది."

"బూడిదతోనా?"

"సన్న బూడిద. గీతలు పడద్దని రెండుసార్లు జల్లెడ పట్టిన." మెచ్చుకుంటుందేమోనని నర్సక్క తలెత్తి చూసింది.

విజయ సంచి గట్టు మీద పెట్టి లోపలికి వచ్చింది. అద్దాన్ని రెండు అంచుల దగ్గరా పట్టుకుని లేపి వెలుతురుకు పెట్టింది. ఒక అంచున గోరంత వెండి మెరుపు మిగిలింది. మిగతాదంతా వట్టి గాజు.

ఇంట్లో ముఖం చూసుకునే అద్దానికి పూత వెనక ఉంటుంది. ఇది వినోద్ సొంతంగా చేసిన దుర్భిణిలోది. దుర్భిణి అద్దానికి పూత ముందువైపే ఉంటుంది. వెలుతురు గాజులోకి దిగకుండా పైనుంచే తిరిగి రావాలి. అల్యూమినియం పూత అది, వెంట్రుక మందంతో పోల్చినా లెక్కకు రానంత పలుచన. వినోద్ దాన్ని బట్టతో కూడా తుడవనిచ్చేవాడు కాదు. దుమ్ము పడితే రబ్బరు బుడ్డితో ఊదేవాడు. నర్సక్క చేతికి దిగిన నలుపు మసి కాదు, ఆ పూతే.

పూత పోతే పోయింది, హైదరాబాదు పంపి మళ్లీ వేయించవచ్చు. విజయ భయం వేరే. ఆ గాజు నడుమ ఒక లోతు ఉంది. కంటికి తెలియదు, వేలికి తగలదు. కాలిపోయిన బావి మోటార్లకు తీగ చుట్టే వినోద్, రెండు వానాకాలాలు దుకాణం నుంచి రాగానే పెరట్లో ఇనుప డ్రమ్ము చుట్టూ తిరుగుతూ, గాజు మీద గాజు పెట్టి, గరుకు ఎమరీ పొడి చల్లి నీళ్లు చిలకరించి, అరగదీసి తెచ్చిన లోతు అది. ఎక్కడెక్కడి వెలుతురునో తెచ్చి ఒకచోట నిలబెట్టేది అదే. అతని చేతి పనిలో ఇంట్లో మిగిలింది కూడా అదే. బూడిద రుద్దుడుకు అది ఉందో, పోయిందో.

అయ్యగారు వచ్చాడు. పేరు అడిగాడు. "వినోద్" అని నర్సక్కే చెప్పింది. పోయిన దీపావళి తర్వాత బుగ్గారంలో ఒక బావిలోంచి మోటారు లాగుతూ వినోద్ అందులో పడిపోయాడు. అప్పటినుంచి ఇంట్లో ఆ ఊరి పేరు ఎవరూ ఎత్తరు.

*

విజయ పాఠాలు చెప్పే బడికి దసరా సెలవులు. మరునాడు ఆమె అద్దాన్ని సిరిసిల్ల తువ్వాలలో చుట్టి జగిత్యాల బయలుదేరింది. నర్సక్క అడగకుండానే చెప్పులు వేసుకుంది.

"వాని అద్దం నువ్వొక్కదానివే పట్టుకపోతవా? బస్సుల ఎవలన్న గుద్దితె?"

దారి పొడుగునా మూట నర్సక్క ఒళ్లోనే ఉంది. గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులూ అడ్డం పెట్టింది.

టవర్ దగ్గర సందులో శంకరయ్యది అద్దాల దుకాణం. ఆ గాజును గుండ్రంగా కోసిచ్చింది అతనే. విజయకు అడగడానికి తెలిసిన మనిషి మరొకరు లేరు.

"వినోదన్నది గాదా మేడమ్ గిది?" శంకరయ్య తువ్వాల విప్పి చూశాడు. "పూతంత పోయింది గదా! ఇడిచిపెట్టి పోండ్రి, ఎనుక పూత పోసిస్త."

"దీనికి పూత ముందుంటదన్నా."

"ముందా? ముందు పూస్తె ముట్టుకుంటె పోదా?"

"ముట్టుకోవద్దు."

శంకరయ్య నవ్వబోయి, విజయ ముఖం చూసి ఆగిపోయాడు. అద్దాన్ని గుమ్మంలోకి తెచ్చి ఎండకు వంచాడు. బొటనవేలి గోటితో అంచు నుంచి నడుమకు మెల్లగా గీశాడు.

"సన్నగ రాపిడి పడ్డది. గీతలు సూడుండ్రి, ఎండల తెలుస్తున్నయి. ఎవలు తోమిండ్రు గిట్ల? అంట్ల గిన్నెను రుద్దినట్టు రుద్దిండ్రు."

విజయ అద్దం నడుమకు వేలు చూపింది. "గీతలు కాదన్నా. నడుమ లోతుండె గదా. అది..."

"గంత సన్నపు లోతు గింత రుద్దుడుకు నిలుస్తదా మేడమ్? అద్దం ఒకసారి అరిగినంక అరిగినట్టే. నా మాటినండ్రి, పాణం పెట్టి చేసిండు గని, ఇగ ఇది గాజుబిళ్ల. అన్న గురుతుకు ఇంట్ల పెట్టుకోండ్రి."

నర్సక్క గల్లా బల్ల పక్కన నిలబడి ఉంది. ఆమెకు నిన్నటినుంచీ అర్థం కానిది ఇప్పుడు అర్థమైంది. రెండు చేతులనూ మెల్లగా కొంగు కిందికి తీసుకుంది.

తిరుగు బస్సులో మూట విజయ ఒళ్లోకి వచ్చింది. బస్సు మేడిపల్లి దాటింది.

"నిన్ననే ఎందుకు చెప్పలే నాకు?" అంది నర్సక్క.

"చెప్తె ఏమైతది?"

బయట చీకటి పడుతుంటే బస్సు కిటికీ గాజులో ఇద్దరి ముఖాలూ తేలాయి. వెనక చెట్లు, కరెంటు స్తంభాలు పరుగెడుతున్నాయి, ముఖాలు మాత్రం కదలకుండా ఉన్నాయి. నర్సక్క గాజులోని కోడలి ముఖాన్నే చూస్తోంది. అది గమనించి విజయ చూపు తిప్పుకుంది.

*

ఆ తర్వాత ఇంట్లో అవసరమైన మాటలే మిగిలాయి. ఉప్పు సరిపోయిందా. నల్లా వచ్చిందా. గ్యాసు అయిపోయింది. విజయ గొంతు పెంచలేదు, ముఖం ముడవలేదు. అన్నం వడ్డించింది, ఎప్పటిలా మందుబిళ్ల గుర్తు చేసింది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండునని నర్సక్కకు అనిపించింది.

నర్సక్క అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. ఏళ్ల తరబడి చూడకుండా చుట్టిన వేళ్లు. ఇప్పుడు ఆకు చుట్టి, మూతి మడిచి, దారం కడితే వదులుగా వస్తోంది. విప్పి మళ్లీ చుట్టేది. పెరట్లో వినోద్ అద్దం అరగదీసిన డ్రమ్ము మీద ఆమె తడిపిన తునికాకు మూట పెట్టుకునేది. మూట ఆ రోజుల్లోనే అక్కడినుంచి మారి గోడ పక్కకు చేరింది. విజయ అది చూసింది.

పడమట సన్నటి నెలవంక కనబడి, రోజురోజుకూ పైకి వస్తోంది. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు విజయ అనేది, చంద్రుడి వైపు చూడటానికి మంచి రోజు పున్నమి కాదు, సగం చంద్రుడున్న రోజని. ఈసారి ఆమె తలెత్తలేదు.

ఒక సాయంత్రం నర్సక్క వచ్చి చేయి చాపింది. అరచేతిలో రెండు వెండి కడియాలు. కాళ్లకు అవి ఉండే చోట చర్మం తెల్లగా, కొత్తగా ఉంది.

"గివి కరిగిచ్చి పూస్తె?"

"అది వెండి పూత కాదత్తమ్మా."

"మరి దేంది?"

"అల్యూమినియం."

నర్సక్క కడియాలను అరచేతిలో తిప్పింది. "అన్నం గిన్నెలదా?"

"ఆఁ. గదే."

"గదైతె మనింట్ల శానుంది" అని నర్సక్క వంటింటి వైపు తిరిగింది. విజయకు నవ్వు వచ్చి గొంతులోనే ఆగింది. "తొడుక్కో అత్తమ్మా, కాళ్లు బోసిగున్నయి" అని మాత్రం అంది.

సిరిసిల్ల నుంచి అక్క లత ఫోన్ చేసింది. ఫోన్ స్పీకరులో ఉంది. విజయ చేతులకు పిండి అంటుకుని ఉంది.

"ఏడాది ఎల్లని ఇంట్ల బతుకమ్మ పెట్టరు గదనే. గోడలు సూసుకుంట కూసుంటవా? సద్దులకు ఈడికి రా. బదిలీ సంగతి గూడ మీ బావ మాట్లాడుతనన్నడు. ఆ ఊర్ల ఇంకేమున్నది నీకు?"

"పండుగపూట అత్తమ్మను ఒక్కదాన్నే ఇడిచిపెట్టి రాను. సద్దులైన తెల్లారి అస్త."

"వచ్చినంక ఉంటవ్ గదా?"

విజయ పిండి మీద నీళ్లు చల్లింది. "ఉంట."

"మరి వినోద్ దుర్బిని?"

"అద్దం లేని గొట్టం ఏం చేసుకుంటనక్కా."

అరుగు మీద నర్సక్క ఆకు కత్తిరిస్తున్న చప్పుడు ఆగింది. తర్వాత మళ్లీ మొదలైంది.

*

సద్దుల బతుకమ్మ నాడు వాడంతా తంగేడు పూల వాసన. పొద్దు వాలుతుంటే ఆడవాళ్లు బతుకమ్మలు ఎత్తుకుని మైదానం వైపు కదిలారు. పక్కింటి అంజవ్వ గుమ్మం ముందు ఆగింది. ఆమె తల మీద బతుకమ్మను ఇద్దరు కోడళ్లు చెరోపక్క పట్టుకున్నారు.

"ఓ నర్సక్కా! సూసినవా, మా కోడండ్లు ఎంతెత్తు పేర్చిండ్రో!"

"నీ నోరంత ఎత్తు లేదు గని పో, పో. మెడ ఇరుగుతది."

అంజవ్వ నవ్వుకుంటూ వెళ్లింది. పాటలు దూరమయ్యాయి. వాడ ఖాళీ అయింది. నర్సక్క గుమ్మంలోంచి లేచి పెరట్లోకి వచ్చింది. విజయ తీగ మీది బట్టలు తీసి మడతపెడుతోంది, పొద్దున బ్యాగులో సర్దుకోవడానికి. దక్షిణాన, పక్కింటి నీళ్ల ట్యాంకు మీదుగా, సగం చంద్రుడు.

"విజయా, గా సందమామను ఒక్కసారి సూపిత్తవా?"

విజయ చేతిలో చీర ఆగింది.

"పోతున్నవ్ గదా రేపు. వాడు పిలిచినప్పుడల్ల ఆకు ఎండిపోతదని లేవకపోతి. ఒక్కనాడన్న సూడలే."

"ఇప్పుడేం కనబడదత్తమ్మా."

"కనబడకపోతె మానె. నేనేం జేసిన్నో గదన్న సూత్త."

సరే చూడు, అనుకుంది విజయ. గొట్టంలోని చీకటి చూడు. పది నెలలుగా తను చూస్తున్న చీకటి అది, నువ్వూ చూడు. ఆ కోపం తనకే కొత్తగా ఉంది. చీరను తీగ మీదికి విసిరి, గోడ మూలకు వెళ్లి ప్లాస్టిక్ పట్టా లాగింది.

బోరుబావికి దించే కేసింగ్ పైపు అది. లోపల నలుపు రంగు పూసి, మోటారు బేరింగుల మీద తిరిగేటట్టు వినోద్ నిలబెట్టాడు. విజయ లోపలినుంచి అద్దం తెచ్చి, తువ్వాల విప్పి, పైపు అడుగున గూట్లో కూర్చోబెట్టింది. మూడు మరలు బిగించింది. చేతులకు పని గుర్తుంది. పైపు వీపున కట్టిన సన్న గొట్టంలోంచి చూస్తూ చంద్రుడి వైపు తిప్పింది. కన్ను పెట్టే గొట్టాన్ని ముట్టుకోలేదు. వినోద్ చివరిసారి తిప్పి వదిలిన చోటే అది ఉంది. ముక్కాలిపీట తెచ్చి నర్సక్కను కూర్చోబెట్టింది.

"ఈడ కన్ను పెట్టు. ఇంకోటి మూసుకో."

తను చూడలేదు. గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడింది.

నర్సక్క ఒక కన్నును అరచేత్తో మూసుకుని వంగింది. తల అటూ ఇటూ జరిపింది. ఆగిపోయింది. మైదానం నుంచి చప్పట్లు వినిపిస్తున్నాయి. నర్సక్క కదలడం లేదు.

"సూసినవా?" అంది విజయ.

"ఊఁ."

"ఏమున్నది?"

"బావులు."

"ఏం బావులు?"

"బావులే. పూడ్సని బావులు. ఒకదాని పక్కకొకటి." నర్సక్క కన్ను తీయలేదు. "గిన్నిగనం ఎవలు తవ్విండ్రే?"

తనను ఊరడించడానికి అంటోందనుకుంది విజయ. వినోద్ చెప్పగా విన్న మాటలే అయి ఉంటాయి. "జరుగు" అని, పీట పక్కన మోకాళ్ల మీద కూర్చుని కన్ను పెట్టింది.

చంద్రుడు అక్కడ ఉన్నాడు.

మునుపటి చంద్రుడు కాదు. మునుపు చూస్తే కన్ను జిగేలుమనేది, లేచాక కాసేపు గుమ్మం కనబడేది కాదు. ఇప్పుడు బుడ్డి దీపం వెలుతురంత మెత్తగా ఉన్నాడు. చుట్టూ పలుచటి పొగ, అది బూడిద గీతలది. ఆ పొగ లోపల ప్రతి గుంత అంచూ కత్తిరించినట్టుంది. వెలుగూ చీకటీ చంద్రుణ్ని సగానికి చీల్చినచోట నీడలు నల్లగా, పొడుగ్గా పడ్డాయి. వంపు తిరిగిన కొండల వరస, దాని కొనలకు తగిలిన వెలుతురు, అన్నీ వినోద్ చూపించినచోటే ఉన్నాయి.

లోతు ఎక్కడికీ పోలేదు.

విజయ కన్ను తీసి పైపు అడుగు వైపు చూసింది. వట్టి గాజు. మళ్లీ కన్ను పెట్టింది. పూత లేని గాజు కూడా తన మీద పడ్డ వెలుతురులో కొంచెం వెనక్కి తిప్పుతుందని ఎనిమిదో తరగతికి ఏటా చెప్పే పాఠమే. ఆ రోజు బస్సు కిటికీలో ఇద్దరి ముఖాలూ తేలింది అందుకే. చంద్రుడికి ఆ కొంచెం చాలు. ఇన్ని రోజులూ తనకే తోచలేదు. ఒక్కసారి గూట్లో పెట్టి చూడాలని కూడా అనిపించలేదు.

చంద్రుడు మెల్లగా పక్కకు జారి గొట్టం అంచు దాటి పోతున్నాడు. విజయ పైపును నెట్టలేదు. కన్ను నిండా నీళ్లున్నాయి.

"పోయిందా?" నర్సక్క ఆమె ముఖంలోకి చూసింది. "నేను ముట్టినందుకేనా?"

"కాదత్తమ్మా. భూమి తిరుగుతుంది గదా, అందుకే జారుతది. జర జర నెట్టుకుంట ఉండాలె." విజయ ఆమె చేయి పట్టుకుని పైపు మీద పెట్టింది. వేళ్ల సందుల్లో పొగాకు వాసన. "గిటు. మెల్లగ. గంతే."

"అచ్చింది, అచ్చింది! ఓయమ్మో, ఉరుకుతున్నదే గిది." నర్సక్క మళ్లీ వంగింది. కాసేపటికి పైపు ఆమె చేతికి అలవాటైంది. "అంచుకాన్నే ఎందుకున్నయ్ బావులు? గిటు దిక్కు అలికినట్టు సాపుగున్నది."

"అటు గూడ ఉన్నయి. అంచుకాడ ఇప్పుడే పొద్దుపొడుస్తుంది. నీడ పొడుగ్గ పడితేనే గుంత తెలుస్తది. పొద్దుగూకేటప్పుడు దున్నిన చెల్క సూడు, పెళ్ల పెళ్ల తెలుస్తది గదా."

"మరి నీళ్లున్నయా?"

"సుక్క గూడ లేదు."

"అయితె మనోనికి అక్కడ గిరాకీ లేదు." నర్సక్క గొంతులో నవ్వు, దాని వెనకే ఒక ఊపిరి.

విజయ నేల మీద చతికిలబడింది. "పేర్లు పెట్టిండత్తమ్మా. నడుమ మూడు పెద్దయి వరసగ ఉన్నయి సూడు. తను మోటర్లు దించిన బావుల పేర్లు పెట్టిండు. అన్నిటికంటే పెద్దది మేడిపల్లి."

"ఊఁ. దాని పక్కది?"

"కొడిమ్యాల."

"గా మూడోది?"

విజయ గోరుతో నేల మీద గీత గీసింది. పెట్టినప్పుడు అది వట్టి ఊరి పేరే. మోటారు బాగా లోతుకు దించాల్సి వచ్చిందని నవ్వుకుంటూ పెట్టిన పేరు.

"బుగ్గారం" అంది.

నర్సక్క కన్ను తీయలేదు. పైపు మీది చేయి ఆగింది, తర్వాత కొంచెం నెట్టింది. "ఏం కనవడతలేదు దాంట్ల. అంత సీకటే."

"దాని అడుగుకు ఇంకా పొద్దు రాలే."

విజయ లోపలికి వెళ్లి చాయ పెట్టుకొచ్చింది. నర్సక్క గ్లాసు అందుకోలేదు. గట్టు మీద పెట్టమని చేత్తోనే చెప్పింది. మైదానంలో పాట మారింది, చప్పట్లు జోరందుకున్నాయి. చాయ మీద మీగడ కట్టింది.

"విజయా." నర్సక్క గొంతు తగ్గించింది. "కోపం చేయకు. గా మూడోదాంట్ల, నడుమ, తెల్లగ సుక్కంత ఏదో అంటుకున్నది. ఇందాక లేకుండె. నేను తోమంగ బూడిదేమన్న మిగిలినట్టున్నది. తీసి తుడువమంటవా?"

విజయ వచ్చి వంగింది. నల్లటి బావి. దాని నట్టనడుమ సూది మొనంత వెలుతురు. ఆమె చూస్తుండగానే అది ఒక పిసరు పెరిగింది.

"తుడువద్దత్తమ్మా. అది బూడిద కాదు. గా బావి నడుమ ఒక గుట్టుంటది. దాని కొనకు ఎండ తగిలింది."

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే."

నర్సక్క ఆమె భుజం పట్టి పక్కకు జరిపి మళ్లీ కన్ను పెట్టింది. చాలాసేపు పైపును జర జర నెట్టుకుంటూ ఉంది.

"అడుగు దాక ఎప్పుడత్తది ఎండ?"

"రేపు ఈయాళ్లకు అత్తది."

"అయితె రేపు గూడ సూడాలె."

తీగ మీద సగం మడిచిన చీర గాలికి విప్పుకుంటోంది. విజయ చల్లారిన చాయ గ్లాసు తీసి ఆమె చేతికిచ్చి, పైపు మీద తన చేయి వేసింది.

"సూద్దాం" అంది.